విడాకుల వేళ ఇంటికి విలువ కట్టేదెలా?

రెండు ముక్కలు చేయడానికి వీల్లేని ఆస్తి ఇల్లు. దాని విలువ నిజాయతీగా తేలితేనే విడిపోతున్న ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. ఆ విలువను ఎవరు కడతారు, ఏ పద్ధతిలో కడతారు, ఎక్కడ జాగ్రత్తపడాలి?

విడాకులకు సిద్ధపడిన మధ్యతరగతి జంటకు ఉన్న ఆస్తుల్లో సాధారణంగా అన్నిటికన్నా పెద్దది ఇల్లే. బ్యాంకులో ఉన్న డబ్బును చెరి సగం తీసుకోవచ్చు, బంగారాన్ని తూచి పంచుకోవచ్చు. రెండు పడకగదుల ఫ్లాటునో, నూట యాభై గజాల్లో కట్టుకున్న ఇంటినో అలా చీల్చడం కుదరదు. అందుకే ఇంటి విషయంలో మిగిలేవి మూడు దారులు: ఇల్లు అమ్మి సొమ్ము పంచుకోవడం, ఒకరు ఇల్లు ఉంచుకుని రెండోవారి వాటాకు డబ్బు ఇవ్వడం, భరణానికి బదులుగా ఇంటిని రాసివ్వడం. ఏ దారిన వెళ్లినా ముందు ఒక అంకె తేలాలి. అది ఈ ఇల్లు ఈ రోజు ఎంత చేస్తుందన్నది.

పెద్దమనుషుల సమక్షంలో జరిగే రాజీల్లో చాలాసార్లు ఆ అంకెను ఒక పక్షమే చెబుతుంది. కాగితాలు భర్త దగ్గర ఉంటాయి, ధరల సంగతి అతనికే తెలుసు. ఇంటిపట్టున ఉన్న భార్య ఆ మాట నమ్మి సంతకం చేస్తుంది. పరస్పర అంగీకారంతో వచ్చిన డిక్రీని తర్వాత తిరగదోడటం చాలా కష్టం. అందుకే విలువ కట్టే పని సంతకాలకు ముందే, ఇద్దరికీ తెలిసేలా జరగాలి.

ముందు తేలాల్సింది: ఇల్లు ఎవరిది?

పెళ్లయినంత మాత్రాన ఒకరి ఆస్తిలో మరొకరికి సగం హక్కు వచ్చే చట్టం మన దేశంలో గోవాలో ఉంది. అక్కడ పోర్చుగీసు కాలంనాటి పౌరస్మృతి ఇంకా అమల్లో ఉంది. వేరే ఒప్పందం రాసుకోకపోతే దాని ప్రకారం దంపతుల ఆస్తి ఉమ్మడిది అవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అలా కాదు. పత్రం ఎవరి పేరుతో ఉంది, డబ్బు ఎవరు పెట్టారు అన్నవే ఇక్కడ ప్రధానం. వైవాహిక ఆస్తిలో భార్యకు వాటా కల్పించే సవరణ బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించినా, లోక్‌సభ ఆమోదం పొందకుండానే అది మురిగిపోయింది.

హిందూ వివాహ చట్టం (1955) 27వ సెక్షన్ కింద, పెళ్లి సమయంలో ఇద్దరికీ ఉమ్మడిగా ఇచ్చిన ఆస్తిపై కోర్టు విడాకుల డిక్రీలోనే ఉత్తర్వు ఇవ్వగలదు. తర్వాత కొనుక్కున్న ఇంటిపై వివాదాన్ని కూడా కుటుంబ న్యాయస్థానం విచారించవచ్చు. భార్యాభర్తల ఆస్తి తగాదాలు 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం కింద దాని పరిధిలోకే వస్తాయి. ముస్లిం, క్రైస్తవ దంపతులకు విడాకుల చట్టాలు వేరైనా, ఇంటి యాజమాన్యం, విలువ లెక్కల సూత్రాలు దాదాపు ఇవే.

ఇద్దరి పేర్లతో ఉన్న ఇంటి విషయంలో ఆస్తి బదిలీ చట్టం (1882) 45వ సెక్షన్ ఉపయోగపడుతుంది. ఇద్దరూ ఎవరి డబ్బు వారు పెట్టి కొంటే, వేరే ఒప్పందం లేనప్పుడు పెట్టిన డబ్బు నిష్పత్తిలోనే వాటాలు వస్తాయి. ఎవరు ఎంత పెట్టారో ఆధారం లేకపోతే ఇద్దరికీ సమాన వాటాలని చట్టం భావిస్తుంది. డౌన్‌పేమెంట్ చెల్లించిన చెక్కు, ఈఎంఐలు కట్ అయిన ఖాతా పుస్తకం పదిహేనేళ్ల తర్వాత కూడా ముఖ్యమైన సాక్ష్యాలయ్యేది ఇందుకే.

భర్త పేరు మీదే ఇల్లు ఉన్నప్పుడు గృహిణి శ్రమకు విలువ లేదా అన్న ప్రశ్న వస్తుంది. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో, భార్య ఇంటిని చక్కదిద్దినందువల్లే భర్త సంపాదించగలిగాడని గుర్తించి, ఆ సంపాదనతో కొన్న ఆస్తిలో ఆమెకు సమాన వాటా ఉందని చెప్పింది. ఇది దేశమంతటికీ వర్తించే చట్టం కాదు. అయినా వాదనకు బలమైన ఆధారం. వాటా రాకపోయినా ఇంటి విలువ వృథా పోదు. శాశ్వత భరణం నిర్ణయించేటప్పుడు హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇద్దరి ఆదాయంతోపాటు ఆస్తులనూ చూస్తుంది. అవసరమైతే భరణం మొత్తానికి భర్త ఇంటిని హామీగా ఉంచవచ్చు.

పుట్టింటివారు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఇల్లు, స్థలం సంగతి వేరు. అది స్త్రీధనం. హిందూ వారసత్వ చట్టం (1956) 14వ సెక్షన్ కింద ఆమెకే సంపూర్ణ హక్కు ఉంటుంది కాబట్టి పంపకంలోకి రాదు.

తెలుగు కుటుంబాల్లో తరచూ కనిపించే చిక్కు మరొకటి ఉంది. స్థలం మామగారిది, దాని మీద ఇల్లు మాత్రం కొడుకు, కోడలి జీతాలతో లేచింది. ఇలాంటి చోట స్థలం విలువను, కట్టడం విలువను విడివిడిగా చూపించమని వాల్యూయర్‌ను అడగాలి. రెండూ కలిపి ఒకే అంకె ఇస్తే ఎవరి సొమ్ము ఎంతో తేల్చడం అసాధ్యమవుతుంది.

మార్కెట్ విలువ అంటే ఏది?

ఒకే ఇంటికి నాలుగు అంకెలు వినిపిస్తాయి. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఉండే ప్రభుత్వ విలువ మొదటిది. అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు వేయించిన విలువ రెండోది. మధ్యవర్తి చెప్పే ధర మూడోది. ఇల్లు నిజంగా అమ్ముడుపోయే ధర నాలుగోది. పంపకానికి కావలసింది ఈ నాలుగోదే.

ఈ విలువకు నిర్వచనం ఇచ్చిన ప్రసిద్ధ తీర్పుల్లో ఒకటి తెలుగు నేల నుంచే వెళ్లింది. విశాఖపట్నం హార్బరు అవసరాలకు చెముడు జమీందారు రాజా వైరిచర్ల నారాయణ గజపతిరాజు భూమిని సేకరించారు. అందులో మంచినీటి ఊట ఉంది. పరిహారంలో దాన్ని లెక్కించాలా వద్దా అన్న తగాదా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి 1939లో తేలింది. అమ్మక తప్పని స్థితిలో లేని యజమాని, కొనక తప్పని స్థితిలో లేని కొనుగోలుదారు కుదుర్చుకునే ధరే మార్కెట్ విలువ అని, ఆస్తికి ఉన్న ప్రత్యేక అనుకూలతలు కూడా అందులో చేరతాయని ఆ తీర్పు స్థిరపరిచింది. విడాకుల వేళ ఈ సూత్రం మరీ అవసరం. ఎంతకో ఒకంతకు వదిలించుకుందామనే తొందర ఒకరికి, ఎలాగైనా దక్కించుకోవాలనే పట్టుదల మరొకరికి ఉంటాయి. విలువ ఆ రెండింటికీ లొంగకూడదు.

ప్రభుత్వ విలువ స్టాంపు డ్యూటీ వసూలు కోసం నిర్ణయించింది. స్టాంపు డ్యూటీ కోసం రూపొందించిన విలువల రిజిస్టరు ఆధారంగా భూసేకరణలో మార్కెట్ విలువ తేల్చడం కుదరదని ఆదిలాబాద్‌కు చెందిన కేసులో 1994లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా రాజీ చర్చల్లో ఇల్లు ఉంచుకోదలచినవారు తరచూ బల్లమీద పెట్టేది ఈ తక్కువ అంకెనే. బ్యాంకు విలువ అప్పుకు భద్రత చూసుకోవడానికి వేసింది, పైగా పాతది కావచ్చు. మధ్యవర్తి చెప్పే ధరలో బేరానికి వదిలిన జాగా కలిసి ఉంటుంది.

విలువ కట్టే అర్హత ఎవరికి?

మన దేశంలో వాల్యూయర్లకు రెండు ప్రధాన గుర్తింపులు ఉన్నాయి. సంపద పన్ను చట్టం కింద ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదైనవారు ఒక వర్గం. ఆ పన్ను రద్దయినా ఆ నమోదును ఇతర పన్ను అవసరాలకు వాడుతూ వచ్చారు. కంపెనీల చట్టంలోని 247వ సెక్షన్, 2017 నాటి నియమాల కింద నమోదైనవారు రెండో వర్గం. వీరికి దివాలా బోర్డు పరీక్ష పెట్టి, భూమి-భవనాలు, యంత్రాలు, షేర్లు అనే మూడు విభాగాల్లో నమోదు ఇస్తుంది. ఇంటికి కావలసింది భూమి-భవనాల విభాగంలో నమోదైన వాల్యూయర్. విడాకుల కేసుకు ఫలానా గుర్తింపు ఉన్నవారే కావాలని చట్టం చెప్పదు. కానీ నివేదికపై కోర్టులో సవాలు వస్తే నిలబడేది అర్హత, అనుభవం ఉన్నవారి మాటే.

అన్నిటికన్నా మంచి పద్ధతి ఇద్దరూ కలిసి ఒకే వాల్యూయర్‌ను పెట్టుకోవడం. ఫీజు చెరి సగం భరించాలి. ఇంటిని చూసే రోజు ఇద్దరూ లేదా వారి తరఫువారు హాజరు కావాలి. నివేదిక ప్రతి ఇద్దరికీ ఒకేసారి అందాలి. ఫీజును ఇంటి విలువలో శాతంగా కాక ముందే ఒక మొత్తంగా మాట్లాడుకుంటే, అంకె పెరిగినా తగ్గినా వాల్యూయర్‌కు లాభనష్టాలు ఉండవు.

వాల్యూయర్‌కు ఇవ్వాల్సిన కాగితాలు ఇవి: సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), మంజూరైన ప్లాను, ఫ్లాటైతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఇంటి పన్ను రశీదు, హోమ్‌లోన్ స్టేట్‌మెంట్. కాగితాలు చూడనివ్వని భర్త వల్ల పని ఆగాల్సిన అవసరం లేదు. రిజిస్టరైన పత్రాల నకలు, ఈసీ ఎవరైనా ఫీజు కట్టి సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో తీసుకోవచ్చు. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల వివరాలను అఫిడవిట్‌గా సమర్పించాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు దేశంలోని కోర్టులన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది.

మూడు పద్ధతులు

మొదటిది పోలిక పద్ధతి. చుట్టుపక్కల ఇటీవల అమ్ముడైన అలాంటి ఇళ్ల ధరలు చూసి, విస్తీర్ణం, ముఖం, రోడ్డు వెడల్పు, అంతస్తు, వయసు తేడాలకు తగినట్టు హెచ్చుతగ్గులు చేస్తారు. ఫ్లాట్లకు ఇదే సరైన పద్ధతి. అయితే ఇక్కడొక ప్రమాదం ఉంది. మన దగ్గర చాలా ఇళ్లు ప్రభుత్వ విలువకే రిజిస్టరవుతాయి, మిగతా సొమ్ము నగదుగా చేతులు మారుతుంది. సేల్ డీడ్లలోని అంకెలనే నమ్ముకుంటే పోలిక కాస్తా ప్రభుత్వ విలువ దగ్గరికే చేరుతుంది. జాగ్రత్తగల వాల్యూయర్ బ్యాంకు అప్పుతో జరిగిన అమ్మకాలను, బిల్డర్ల ప్రస్తుత ధరలను, పునఃవిక్రయాలను కలిపి చూస్తారు. విస్తీర్ణం దగ్గర కూడా పొరపాటు జరుగుతుంది. ఒక ఫ్లాటుకు కార్పెట్ ఏరియా, మరో ఫ్లాటుకు కామన్ ఏరియా కలిపిన విస్తీర్ణం తీసుకుని చదరపు అడుగు ధర పోల్చితే లెక్క మొత్తం తప్పుతుంది.

రెండోది స్థలం, కట్టడం పద్ధతి. సొంత స్థలంలోని ఇళ్లకు ఎక్కువగా దీన్నే వాడతారు. స్థలానికి నేటి మార్కెట్ ధర వేస్తారు. అలాంటి ఇల్లు ఇప్పుడు కట్టడానికి అయ్యే ఖర్చులోంచి ఇంటి వయసును బట్టి తరుగుదల తీసేస్తారు.

ఉదాహరణకు 200 గజాల స్థలంలో ఇరవై ఏళ్ల క్రితం కట్టిన 2,400 చదరపు అడుగుల ఇల్లు ఉందనుకుంటే, గజం 50,000 రూపాయల చొప్పున స్థలం విలువ కోటి రూపాయలు. చదరపు అడుగుకు 1,800 చొప్పున కొత్తగా కట్టడానికి 43,20,000 అవుతుంది. కట్టడం ఆయుష్షు 60 ఏళ్లు, చివర్లో మిగిలే విలువ 10 శాతం అని తీసుకుంటే ఇరవై ఏళ్లకు తరుగుదల 30 శాతం, అంటే 12,96,000. కట్టడం విలువ 30,24,000. మొత్తం ఇంటి విలువ 1,30,24,000 రూపాయలు.

మూడోది అద్దె పద్ధతి. ఏటా వచ్చే నికర అద్దెను బట్టి ఆస్తి విలువ కడతారు. దుకాణాలకు, వరుస పోర్షన్లకు ఇది పనికొస్తుంది. నివాస గృహాల అద్దెలు వాటి ధరతో పోలిస్తే తక్కువ కాబట్టి, కుటుంబం ఉంటున్న ఇంటికి దీన్నొక్కదాన్నే వాడితే విలువ బాగా తగ్గిపోతుంది.

పాత అపార్ట్‌మెంట్లలో యూడీఎస్, అంటే ఫ్లాటుకు వచ్చే అవిభాజ్య స్థలం వాటా, ఎన్ని గజాలో తప్పక చూడాలి. భవనం పాతబడుతున్నకొద్దీ కట్టడం విలువ తగ్గి, స్థలం వాటాకే బరువు పెరుగుతుంది. ఇంటీరియర్ల విషయంలో అంచనాలు తలకిందులవుతాయి. చెక్కపనికి 15 లక్షలు పెట్టినంత మాత్రాన ఇంటి ధర 15 లక్షలు పెరగదు. ప్లానులో లేని పై అంతస్తును, అనుమతిలేని లేఅవుట్‌ను నివేదికలో విడిగా చూపాలి. స్థలం రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే జరగదు కాబట్టి ముందు ఆ సంగతి తేలాలి.

ఏ తేదీ నాటి విలువ?

విడిగా ఉండటం మొదలైన రోజా, పిటిషన్ వేసిన రోజా, డిక్రీ వచ్చే రోజా? మన చట్టంలో దీనికి స్థిరమైన తేదీ లేదు. కేసు ఏళ్ల తరబడి సాగితే, ధరలు పెరిగే హైదరాబాద్ శివార్లలో ఈ ఒక్క ప్రశ్నకే లక్షలు మారిపోతాయి. న్యాయంగా చూస్తే డబ్బు చేతులు మారే రోజుకు వీలైనంత దగ్గరి తేదీ మంచిది. అలాగైతే పెరుగుదలైనా తగ్గుదలైనా ఇద్దరూ కలిసి భరిస్తారు. రాజీ కుదిరితే ఆ తేదీని కాగితం మీద రాసుకోవాలి. నివేదికకు కాలపరిమితి కూడా పెట్టుకోవాలి. ఆరు నెలలు దాటితే మళ్లీ విలువ కట్టించాలన్న షరతు చాలా తగాదాలను ఆపుతుంది. విడిపోయాక ఒక్కరే కట్టిన ఈఎంఐలు, ఒక్కరే చేయించిన మరమ్మతులు విలువలో కలపకుండా వేరే పద్దుగా రాసుకుంటే లెక్క స్పష్టంగా ఉంటుంది.

మొత్తం విలువ కాదు, నికర విలువ

పంచుకోవాల్సింది అప్పు పోగా మిగిలేది. పై ఉదాహరణలో 40 లక్షల హోమ్‌లోన్ బాకీ ఉంటే నికర విలువ 90,24,000. సమాన వాటాలైతే ఇల్లు ఉంచుకునేవారు రెండోవారికి 45,12,000 ఇవ్వాలి. అదే స్థలానికి ప్రభుత్వ విలువ గజం 20,000 అని తీసుకుని లెక్క కడితే నికర విలువ 30,24,000కు పడిపోయి, వాటా 15,12,000 అవుతుంది. ఇల్లు అదే, అప్పు అదే. అంకె ఎంచుకోవడంలోనే ఒకరు 30 లక్షలు నష్టపోయారు.

సగం వాటాను బయటివారు ఎవరూ కొనరు కాబట్టి దాని విలువ తగ్గించాలన్న వాదన కొన్నిసార్లు వస్తుంది. కొంటున్నది మిగతా సగం యజమానే. కొన్న మరుక్షణం అతని చేతిలో ఉండేది మొత్తం ఇల్లు. కాబట్టి ఇంటి పూర్తి విలువ కట్టి, ఆ తర్వాత వాటా తీయడమే సబబు.

ఇల్లు అమ్మితే పన్ను కూడా లెక్కలోకి వస్తుంది. రెండేళ్లకు పైగా ఉన్న ఇంటిపై దీర్ఘకాలిక మూలధన లాభం పన్ను 12.5 శాతం. 2024 జులై 23కు ముందు కొన్న ఇంటికి, ఇక్కడ నివసిస్తున్న వ్యక్తులు ద్రవ్యోల్బణ సర్దుబాటుతో 20 శాతం పద్ధతిలో లెక్క చూసుకుని తక్కువైనది కట్టే వీలుంది. భార్యాభర్తలుగా ఉండగా ఒకరికొకరు ఇచ్చుకున్న బహుమతిపై పుచ్చుకున్నవారికి పన్ను పడదు. డిక్రీ వచ్చాక ఆ బంధుత్వం చట్టం దృష్టిలో ఉండదు. కాబట్టి రాసివ్వడం డిక్రీకి ముందా, డిక్రీలో భాగంగానా అన్నది ఆడిటర్‌ను అడిగి తేల్చుకోవాలి.

రెండు నివేదికలు పొసగకపోతే

ఇద్దరూ వేర్వేరు వాల్యూయర్లను పెట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. తేడా కొద్దిగా ఉంటే సగటు తీసుకోవచ్చు. ఎక్కువ ఉంటే ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతకాలి. గజం ధర దగ్గరా, విస్తీర్ణం దగ్గరా, తరుగుదల దగ్గరా అని పక్కపక్కన పెట్టి చూస్తే సాధారణంగా ఒకటి రెండు అంశాల్లోనే తేలుతుంది. అప్పటికీ కుదరకపోతే ఇద్దరు వాల్యూయర్లూ కలిసి మూడోవారిని ఎంచుకోవచ్చు.

కోర్టు ద్వారా అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్ 9వ రూలు కింద కమిషనర్‌ను వేయమని అడగవచ్చు. ఆస్తి మార్కెట్ విలువ తేల్చడం కోసం కమిషన్ వేయవచ్చని ఆ రూలులోనే ఉంది. కమిషనర్ ఇరుపక్షాలకూ నోటీసు ఇచ్చి ఇంటిని చూస్తారు. ఆ నివేదికపై అభ్యంతరాలు చెప్పే హక్కు, కోర్టు అనుమతితో కమిషనర్‌ను ప్రశ్నించే హక్కు ఇద్దరికీ ఉంటుంది.

ఉమ్మడి పేర్లతో ఉన్న ఇంటిని ఒకరు అమ్మాలని, మరొకరు ఉంచుకోవాలని పట్టుబడితే 1893 నాటి పార్టిషన్ చట్టం దారి చూపుతుంది. పంచడానికి అనువుగాని ఆస్తిని అమ్మి సొమ్ము పంచమని సగం లేదా అంతకన్నా ఎక్కువ వాటా ఉన్నవారు కోర్టును కోరవచ్చు. అప్పుడు మిగతా వాటాదారు ఆ వాటాను తానే కొంటానని ముందుకొస్తే, కోర్టు దానికి విలువ కట్టించి ఆ ధరకు అతనికో ఆమెకో ఇవ్వజూపాలి. పిల్లల చదువు కోసం అదే ఇంట్లో ఉండిపోదలచిన తల్లికి ఇది అక్కరకొచ్చే నిబంధన.

గృహహింస చట్టం (2005) కింద కాపురం చేసిన ఇంట్లో నివసించే హక్కు దీనికన్నా వేరు. ఆ ఇల్లు అత్తమామలదైనా ఈ హక్కు ఉండవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అది యాజమాన్యం కాదు. కానీ ఆ హక్కు నడుస్తున్న ఇంటిని ఖాళీ ఇంటి ధరకు అమ్మడం కష్టం కాబట్టి, నివేదిక ఏ స్థితిని ఊహించి రాశారో అందులో ఉండాలి.

ప్రవాస జంటల సంగతి

అమెరికాలో కాపురం ఉంటూ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇల్లున్న జంటలకు రెండు చట్టాలతో పని. కాలిఫోర్నియా, టెక్సాస్, వాషింగ్టన్ సహా తొమ్మిది రాష్ట్రాల్లో పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తి ఉమ్మడిదిగా లెక్కవుతుంది. న్యూజెర్సీ వంటి చోట్ల కోర్టు పరిస్థితులు చూసి న్యాయంగా తోచినట్టు పంచుతుంది. కాలిఫోర్నియాలో విచారణకు వీలైనంత దగ్గరి తేదీ విలువ తీసుకోవాలని చట్టంలోనే ఉంది. అక్కడి ఇంటికి ఆ రాష్ట్ర లైసెన్సు ఉన్న అప్రైజర్ విలువ కడతారు.

ఇక్కడి ఇంటికి ఇక్కడి వాల్యూయర్ నివేదికే కావాలి. అక్కడి కోర్టు ఆ విలువను పంపకం లెక్కలో కలపగలదు గానీ, ఇక్కడి రిజిస్టరులో పేరు మార్చలేదు. తిరుపతిలో 1975లో పెళ్లయిన ఒక జంటకు మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులను 1991లో సుప్రీంకోర్టు గుర్తించలేదు. ఇక్కడి వివాహ చట్టం ఒప్పుకునే కారణం, పరిధి ఉంటేనే విదేశీ డిక్రీ చెల్లుతుందని ఆ తీర్పు చెప్పింది. కాబట్టి ఇక్కడి ఇంటి విషయం ఇక్కడ చెల్లే పత్రంతోనే ముగించాలి.

ఒప్పందంలో ఉండాల్సినవి

పరస్పర అంగీకార విడాకుల్లో మొదటి పిటిషన్‌కు, రెండో విన్నపానికి మధ్య ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన కేసుల్లో కోర్టు దాన్ని మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. విలువ కట్టించడానికి, అభ్యంతరాలు తీర్చుకోవడానికి ఈ గడువు సరిపోతుంది.

ఒప్పంద పత్రంలో ఇంటి పూర్తి షెడ్యూలు, హద్దులు, వాల్యూయర్ పేరు, నివేదిక తేదీ, అంగీకరించిన విలువ, అప్పు బాకీ, చెల్లించాల్సిన మొత్తం, గడువు, గడువు దాటితే వడ్డీ రాయాలి. కేసులో భాగం కాని స్థిరాస్తిని రాజీ డిక్రీలో కలిపితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అవుతుంది. అందుకే ఇంటి షెడ్యూలు పిటిషన్‌లోనే ఉండేలా న్యాయవాదితో చూసుకోవాలి. హోమ్‌లోన్ ఇద్దరి పేర్లతో ఉంటే, కోర్టు డిక్రీ వచ్చినా బ్యాంకు ఇద్దరినీ బాధ్యులుగానే చూస్తుంది. ఇల్లు ఉంచుకునేవారు అప్పును తమ ఒక్కరి పేరుకు మార్పించుకోవాలి, లేదా తీర్చేయాలి. వాటా సొమ్ము చేతికందే రోజునే హక్కు విడుదల పత్రంపై సంతకం చేయడం ఇద్దరికీ క్షేమం. ఆ తర్వాత మున్సిపాలిటీలో మ్యుటేషన్, కరెంటు, నీటి కనెక్షన్ల పేరు మార్పు పూర్తయితే ఇంటి లెక్క ముగిసినట్టు.